నేల టికెట్టూ పెద్ద తెరా

ఒక కథను మెచ్చుకోవాలంటే మన విమర్శకులకు చేతికందే మాట ఒకటుంది: "కళ్లకు కట్టినట్టు రాశాడు." నేనూ ఆ మాట చాలాసార్లు వాడాను. కట్టింది ఎవరి కళ్లకో, కళ్లకు కట్టినంత మాత్రాన అది వాస్తవం ఐపోతుందో లేదో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మాట మీద నాకు మొదటిసారి అనుమానం కలిగింది సాహిత్య సభలో కాదు, బెంగుళూరులో ఒక సినిమా హాల్లో.

2022 డిసెంబరులో జేమ్స్ కామెరాన్ 'అవతార్' రెండో భాగం విడుదలైంది. మా తమ్ముడి కొడుకు పట్టుబట్టి నన్ను హిందూపురంలో రైలెక్కించి తీసుకుపోయాడు. నీళ్ల అడుగున జరిగే దృశ్యాల్లో బొమ్మ గాజు మీద నూనె జారినట్టు జారింది. ఒడ్డు మీదికొచ్చి వాళ్లు మాట్లాడుకుంటుంటే మళ్లీ మనకు అలవాటైన సినిమా అయింది. బయటికొచ్చి కాఫీ తాగుతూ వాడన్నాడు: "నీళ్లలో అంతా సినిమా మాదిరి లేదు పెద్దనాయనా, టీవీ మాదిరి ఉంది." నాకూ అలాగే అనిపించింది. కానీ దర్శకుడు ఆ ఏర్పాటు చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకమైన ఫలితం కోసం. మామూలుగా సెకనుకు 24 బొమ్మలు చూపించే చోట ఆ నీటి దృశ్యాల్లో 48 చూపించాడు. బొమ్మలు రెట్టింపైతే కదలికలోని వణుకు తగ్గుతుంది, అలుకుడు పోతుంది, కన్ను లోకాన్ని చూసే పద్ధతికి దగ్గరవుతుంది. అంటే మాకు చూపించింది ఎక్కువ నిజం. మాకు కనిపించింది తక్కువ నిజం. ఇదెట్లా జరిగిందో తెలుసుకోవాలని వెనక్కి నడిస్తే దారి మా ప్రాంతానికే వచ్చి ఆగింది. అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను.

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మల వాళ్ల ఊరు. వాళ్ల ఇళ్లల్లో మరాఠీ కలిసిన మాట, తెర వెనక తెలుగు పద్యం. మేకతోలును పలచగా గీకి, వెలుగు అవతలికి కనపడేంత చేసి, రంగులద్ది, సన్నని చిల్లులు పొడిచి బొమ్మ చేస్తారు. దేశంలో తోలుబొమ్మలు ఆడించే ప్రాంతాలు చాలా ఉన్నాయి. వాటన్నిటిలోకి ఆంధ్ర బొమ్మలు పెద్దవి. రావణుడో ఆంజనేయుడో దాదాపు మనిషెత్తు ఉంటారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు వచ్చేనాటికి రాత్రంతా ఆట కట్టించుకునే ఊళ్లు చాలావరకు మాయమైపోయాయి.

చిత్రావతి ఒడ్డున మా ఊళ్లో నేను చిన్నప్పుడు ఆ ఆట చూశాను. రెండు గుంజలకు కట్టిన తెల్లగుడ్డ, వెనక దీపం. బొమ్మను గుడ్డకు అదిమిపెట్టి ఆడిస్తుంటే రంగులు గుడ్డలోంచి పుట్టినట్టుండేవి. ఆంజనేయుడు లంకకు ఎగిరేటప్పుడు బొమ్మను తెర నుంచి వెనక్కి లాగేవాళ్లు. నీడ పెరిగి, అంచులు చెదిరి, గుడ్డంతా ఆంజనేయుడే అయ్యేవాడు. ముందు వరుసలో పిల్లలం వెనక్కి జరిగేవాళ్లం. పారిస్‌లో లూమియేర్ సోదరుల రైలుబండి తెర మీదికి వస్తే జనం పారిపోయారని ఒక కథ చెపుతారు. అది నిజంగా జరిగిందో లేదో చరిత్రకారులే అనుమానిస్తున్నారు. మేం జరగడం మాత్రం నిజం.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ బొమ్మకున్న ఒక గుణం నాకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రాముడి ముఖం పక్కకే ఉంటుంది, ఎప్పటికీ మనవైపు తిరగదు. కీళ్ల దగ్గర దారం కనపడుతుంది. జుట్టుపోలిగాడూ బంగారక్కా లోకంలో ఎవరిలాగా ఉండరు. రూపమంతా కల్పితం. కానీ ఆ చెయ్యి ఊగడం ఉందే, అది నిజంగా ఊగడమే. దానికి ఫ్రేములు లేవు. ఒక మనిషి చేతిలోంచి తెగకుండా వచ్చిన కదలిక అది. సినిమా దీన్ని తలకిందులు చేసింది. అందులో రూపం నిజం. నాగయ్య ముఖం నాగయ్య ముఖమే. కదలిక మాత్రం కల్పితం. ఆగిపోయిన బొమ్మల్ని ఒకదాని వెనక ఒకటి చూపించి, మధ్యలో చీకటి పెట్టి, మన మెదడు చేత కదలికను తయారు చేయిస్తుంది. నూటపాతికేళ్లుగా ఇంజనీర్లు చేస్తున్న ప్రయత్నమంతా నిజమైన రూపానికి నిజమైన కదలికను కూడా సంపాదించి పెట్టడమే. ఎక్కువ ఫ్రేముల చరిత్ర అంటే అదే.

మరి 24 అనే అంకె ఎక్కడిది? మన కంటి నిర్మాణంలో నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదు. ఎడిసన్ యంత్రం మొదట్లో సెకనుకు 40కి పైగా బొమ్మలు తీసేది. లూమియేర్లు 16 దగ్గర సరిపెట్టుకున్నారు. ఫిలిం ఆదా, చేత్తో తిప్పడం సులువు. మూకీల కాలంలో వేగం ఆపరేటర్ చేతిలో ఉండేది. రద్దీ ఉన్న రోజున హాలు యజమాని గబగబా తిప్పించి ఒక ఆట ఎక్కువ ఆడించుకోవచ్చు. మాట వచ్చాక ఈ స్వేచ్ఛ పోయింది. 1920ల చివర్లో అమెరికాలో పెద్ద హాళ్లు ఏ వేగంతో తిప్పుతున్నాయో చూసి, దాన్నే ఆనవాలుగా తీసుకుని, నిమిషానికి 90 అడుగులని స్థిరపరిచారు. 35 ఎం.ఎం. ఫిలిం అడుగుకు 16 బొమ్మలు కాబట్టి సెకనుకు 24 అయింది. 1932 నాటి 'భక్త ప్రహ్లాద'తో మనకూ అదే కొలత స్థిరపడింది. కన్ను అడిగిన అంకె కాదది. శబ్దం సాగకుండా ఉండటానికి కావలసిన వేగానికీ, ఫిలిం ఖర్చుకూ మధ్య కుదిరిన బేరం.

ఈ సంగతి పుస్తకాల్లో చదవకముందే టెంటులో నాకు తెలిసింది. 1960ల చివర్లో కొత్తచెరువు వైపు ఎండాకాలంలో టూరింగ్ టాకీసు దిగేది. జనరేటర్ మీద నడిచేది. అందులోనే 'మాయాబజార్' చూశాను. తీసిన కె.వి.రెడ్డి మా అనంతపురం జిల్లా తాడిపత్రి మనిషని పెద్దలు గర్వంగా చెప్పుకునేవాళ్లు. ఆ సినిమాలో ప్రియదర్శిని అనే పేటిక ఉంటుంది కదా. మూత తెరిస్తే తమకు ప్రియమైనది అందులో కనపడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు కనపడతాడు. నిజమనిపించే బొమ్మ చూడాలన్న కోరికకు అంతకంటే మంచి యంత్రాన్ని ఏ కంపెనీ తయారు చేయలేదు. ఆ పాట మధ్యలోనే ఒకరోజు జనరేటర్ నీరసించింది. తెర మసకబారింది. మోటారు నెమ్మదించింది. బొమ్మలు తగ్గిన సంగతి మాలో ఎవరికీ పట్టలేదు. శశిరేఖ శశిరేఖలాగే కదులుతోంది. పాట మాత్రం బావిలోకి దిగినట్టు సాగిపోయింది. టెంటంతా ఒక్కసారి కేకలు. కన్ను సర్దుకుంది, చెవి ఊరుకోలేదు. 24 పుట్టిన కథంతా ఆ అరనిమిషంలో ఉంది.

ఖర్చు సంగతీ చెప్పాలి. రెండున్నర గంటల సినిమాకు ప్రింటు 13,500 అడుగులు. సెకనుకు 48 చేస్తే 27,000. షూటింగులో కాల్చేది దీనికి ఎన్నో రెట్లు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టాక కూడా మన నిర్మాతలు రంగు ఫిలింకు విదేశాల వైపే చూసేవాళ్లు. అలాంటి చోట ఫ్రేములు రెట్టింపు చేద్దామని ఎవరైనా అంటే పిచ్చివాడనుకునేవాళ్లు. మన సినిమాలో కదలిక ఎంత నున్నగా ఉండాలో నిర్ణయించింది ముడి ఫిలిం ధర.

ఫ్రేముల సంగతి ఇట్లా ఉంటే పెద్ద తెర సంగతి ఇంకోలా నడిచింది.

లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన వీరభద్రుడున్నాడు. మెడ వెనక్కి వాల్చి ఆ బొమ్మ కింద నిలబడితే పెద్ద బొమ్మ చేసే పని ఏమిటో తెలుస్తుంది: చూసేవాణ్ణి చిన్నవాణ్ణి చేస్తుంది. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణలు కూడా అక్కడ చిత్రాల్లోకి ఎక్కారు. పెద్ద బొమ్మకు డబ్బిచ్చినవాడు బొమ్మలో చోటు అడుగుతాడు. ఇది గుర్తుపెట్టుకుంటే సినిమా విషయంలో పనికొస్తుంది.

సినిమాలో పెద్ద తెర వచ్చింది టీవీ భయంతో. అమెరికాలో జనం ఇళ్లల్లో కూర్చుండిపోతుంటే హాళ్లవాళ్లు 1952లో సినెరామా తెచ్చారు. మూడు ప్రొజెక్టర్లు, వంపు తిరిగిన తెర, సెకనుకు 26 బొమ్మలు. 1953లో 'ది రోబ్'తో సినిమాస్కోప్ వచ్చింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్రీ క్రేతియాన్ రూపొందించిన కటకంతో వెడల్పు బొమ్మను నలిపి 35 ఎం.ఎం.లో పట్టించి, హాల్లో మళ్లీ సాగదీసే పద్ధతి అది. 1955లో 'ఓక్లహోమా!' టాడ్-ఏఓ పద్ధతిలో వచ్చింది. 70 ఎం.ఎం. ప్రింటు, సెకనుకు 30 బొమ్మలు. తెర పెద్దదైతే ఫ్రేములూ పెరగాలని వాళ్లకు అప్పుడే అర్థమైంది. కానీ మామూలు హాళ్లన్నీ 24తో నడుస్తున్నాయి. అందుకని అదే సినిమాను 24తో సినిమాస్కోప్‌లో ఇంకోసారి తీయవలసి వచ్చింది. ఇంకో సినిమాతోనే ఆ 30 ఆగిపోయింది. వెడల్పు నిలిచింది, వేగం పోయింది. వెడల్పును పోస్టరు మీద వేసి అమ్ముకోవచ్చు. వేగాన్ని అమ్మడం కష్టం.

తెలుగులో తొలి సినిమాస్కోప్ 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. మన్యం కొండల వెడల్పుకు ఆ తెర అతికింది, అందులో సందేహం లేదు. కానీ చిన్న ఊరి హాల్లో చూసినవాడి అనుభవం వేరు. హాలు గోడ వెడల్పు పెరగదు కదా. బొమ్మను పక్కలకు సాగదీయడానికి చోటు లేక పైనా కిందా నల్లగుడ్డ దించేవాళ్లు. వెడల్పు తెర మా ఊరికి పొట్టి తెరగా వచ్చింది! మామూలు సినిమాలో నిలువెత్తున కనిపించే మనిషి, పెద్ద సినిమాలో చిన్నవాడయ్యాడు. టికెట్టు ధర మాత్రం కొత్త తెరకు తగ్గట్టు పెరిగింది.

70 ఎం.ఎం. కథ ఇంకొంచెం తమాషా. 1975 నాటి 'షోలే'ను తీసింది 35 ఎం.ఎం.లోనే, బొమ్మ పైభాగం, కిందిభాగం కోసేసి 70కి పెద్దది చేశారు. ఆ సినిమా తీసిన రామనగరం బండలు బెంగుళూరుకు అవతల ఉన్నాయి. పెనుకొండ చుట్టూ ఉన్న బండలకు అన్నదమ్ముల్లాంటివి. బండల్ని చూడటానికి మాకు సినిమా అక్కర్లేదు గానీ, ఆ బండలు అంత పెద్దవిగా, ఆరు దిక్కుల నుంచీ శబ్దంతో చూడాలంటే బెంగుళూరు పోవాల్సిందే. పోయి చూసినవాళ్లు వచ్చి చెపితే వినడమే మాకు దక్కిన 70 ఎం.ఎం. 1986లో కృష్ణ దర్శకత్వంలో 'సింహాసనం' తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రంగా వచ్చింది. జానపద కథ, కోటలు, సింహాసనాలు, పెద్ద పెద్ద సెట్లు. చిన్న ఊళ్లకు అదే సినిమా 35 ఎం.ఎం. ప్రింటుగా వచ్చేది, వాల్‌పోస్టరు మీద మాత్రం '70' అనే అంకె అంతే లావుగా ఉండేది. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్ లాంటి హాళ్లకు 70 ఎం.ఎం. అన్నది ఇంటిపేరులాగా అతుక్కుపోయింది. తర్వాత ఆ ఫిలిమే వాడకంలోంచి పోయింది, ఇంటిపేరు నిలిచింది.

ఇక్కడ మన విమర్శ గురించి ఒక మాట చెప్పకుండా దాటలేను. అభ్యుదయ సాహిత్యంలో పనిచేసిన మాలాంటివాళ్లం ఆ రోజుల్లో సినిమాను రెండు కుప్పలు పోసేవాళ్లం. ఒకటి 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939), మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977), తర్వాత 'మా భూమి', 'దాసి'. ఇవి వాస్తవికం. రెండోది 'సింహాసనం' లాంటివి. ఇవి భ్రమ. కుప్పలు సరైనవే కావచ్చు. కానీ మేం కథను చూసి కుప్ప పోశాం, ఫిలిం వెడల్పును చూడలేదు. వెడల్పు ఫిలిం, పెద్ద తెర, మంచి శబ్దం అన్నీ రెండో కుప్పకే ఎందుకు పోయాయి, 'ఒక ఊరి కథ'లోని తండ్రీకొడుకుల ఆకలి మనిషెత్తు తెర మీద ఎందుకు చూడలేకపోయాం అని ఎవరూ అడగలేదు. సాంకేతికం అనగానే "హంగులు" అని కొట్టిపారేశాం. ఉత్పత్తి సాధనాలు ఎవరి చేతిలో ఉన్నాయన్న ప్రశ్నను మిల్లు గురించీ పొలం గురించీ అడిగినవాళ్లం, కెమెరా గురించి అడగలేదు. ఇది ఇతరుల మీద వేసే నింద కాదు. ఆ వ్యాసాలు రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పైగా ఒక సంగతి మా కళ్ల ముందే ఉండగా గమనించలేదు. టెంటులో నేల టికెట్టు తెరకు అన్నిటికంటే దగ్గర. ఇసుకలో చతికిలబడి తల ఎత్తి చూసేవాడికి తెర చూపు చివరల దాకా నిండిపోతుంది. ఆ చివర ఉన్న గుర్రాన్ని చూడాలంటే మెడ తిప్పాలి. వెనక కుర్చీలో కూర్చున్న కరణం గారికీ, ధర్మవరం నుంచి వచ్చిన పట్టు షావుకారుకూ అదే తెర అగ్గిపెట్టెంత. తక్కువ డబ్బిచ్చినవాడు పెద్ద సినిమా చూశాడు. ఎక్కువిచ్చినవాడు చిన్న సినిమా చూసి, మెడనొప్పి లేకుండా ఇంటికి పోయాడు. 1970లో ఒసాకా ప్రదర్శనలో 'టైగర్ చైల్డ్'తో మొదలైన ఐమాక్స్ కనిపెట్టింది కూడా స్థూలంగా ఇదే. హాలును నిటారుగా కట్టి, అందరినీ తెర దగ్గరికి లాగి, చూపు చివరల దాకా బొమ్మ నింపారు. అంత దగ్గర నుంచి చూస్తే మామూలు ఫిలింలో గరుకు కనపడుతుంది. అందుకని 70 ఎం.ఎం. ఫిలింను అడ్డంగా పరిగెత్తించి ఒక్కో బొమ్మకు 15 చిల్లుల పొడవు ఇచ్చారు. 35 ఎం.ఎం. నిమిషానికి 90 అడుగులు పోతే ఇది దాదాపు 336 అడుగులు పోతుంది. అంటే నేల టికెట్టువాడి చోటును శుభ్రం చేసి, మెత్తని కుర్చీ వేసి, అన్నిటికంటే ఎక్కువ ధరకు అమ్మారు.

హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు పక్కన ప్రసాద్స్ ఐమాక్స్ 2003లో తెరిచారు. 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు తెర. తొలి తెలుగు టాకీలోనూ, దానికి ముందు 'ఆలం ఆరా'లోనూ నటించిన ఎల్.వి.ప్రసాద్ కుటుంబం కట్టిన హాలది. దశాబ్దం తిరిగాక ఐమాక్స్ సంస్థతో బంధం ముగిసి, పేరులోంచి ఆ మాట పోయింది. జనం నోట్లోంచి పోలేదు; ఆటోవాణ్ణి ఇప్పటికీ "ఐమాక్స్‌కు పోనీ" అంటే తీసుకుపోతాడు. 2019లో సూళ్లూరుపేటలో, హైవే పక్కన, వంద అడుగుల వెడల్పున్న తెరతో 'వి ఎపిక్' వచ్చింది. మహానగరంలో కాకుండా ఒక చిన్న పట్నంలో అంత తెర రావడం మన సినిమా భూగోళంలో విశేషమే.

అయితే తెర అంత పెద్దదైనప్పుడు 24 మళ్లీ అడ్డం పడుతుంది. చిన్న లెక్క వేసి చూడండి. ఒక గుర్రం తెర ఈ చివర నుంచి ఆ చివరకు రెండు సెకన్లలో దాటిందనుకుందాం. రెండు సెకన్లంటే 48 బొమ్మలు. 20 అడుగుల తెర మీద ఒక్కో బొమ్మకూ గుర్రం అయిదంగుళాలు గెంతుతుంది. 95 అడుగుల తెర మీద దాదాపు రెండడుగులు గెంతుతుంది. వెనక కూర్చున్నవాడికి ఇది తెలియదు. ముందు కూర్చున్నవాడికి గుర్రం పరిగెత్తడం లేదు, వణుకుతోంది. ఛాయాగ్రాహకులు పెద్ద తెర సినిమాల్లో కెమెరాను నెమ్మదిగా తిప్పడానికి ఒక కారణం ఈ వణుకే. తెర నిజానికి దగ్గరయ్యేకొద్దీ కదలిక నిజానికి దూరమైంది.

ఈ చిక్కును అందరికంటే మొండిగా పట్టుకున్నవాడు డగ్లస్ ట్రంబుల్. 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి చిత్ర మాయలు చేసినవాళ్లలో ఒకడు. వేర్వేరు వేగాల్లో తీసిన బొమ్మలు చూపించి, చూసేవాళ్ల శరీరం ఎట్లా స్పందిస్తుందో కొలిపించాడు. సెకనుకు 60 దగ్గర స్పందన బలంగా ఉందని తేల్చి, 70 ఎం.ఎం. మీద 60 బొమ్మల షోస్కాన్ తయారుచేశాడు. 'బ్రెయిన్‌స్టార్మ్' (1983) సినిమాలో ఇతరుల జ్ఞాపకాల్ని అనుభవించే దృశ్యాలకు దాన్ని వాడదామనుకున్నాడు. హాళ్లన్నీ యంత్రాలు మార్చాలి. ఎవరూ డబ్బు పెట్టలేదు. చివరికి ఆ దృశ్యాల్ని మామూలు వేగంతోనే వెడల్పు ఫిలిం మీద తీశాడు. షోస్కాన్ ప్రదర్శనశాలల్లో ఊగే కుర్చీల ఆటగా మిగిలింది. ట్రంబుల్ 2022 ఫిబ్రవరిలో చనిపోయాడు. మేం బెంగుళూరులో 48 చూసింది ఆ డిసెంబరులో.

ఫిలిం పోయి డిజిటల్ వచ్చాక ముడి ఫిలిం అడ్డు తొలగింది. పీటర్ జాక్సన్ 2012లో 'ది హాబిట్' 48తో, ఆంగ్ లీ 2016లో 'బిల్లీ లిన్స్ లాంగ్ హాఫ్‌టైమ్ వాక్' 120తో తీశారు. రెండోదాన్ని అనుకున్నంత నాణ్యంగా చూపగలిగిన హాళ్లు లోకం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అయినా జనం నొసలు చిట్లించారు. సెట్టు సెట్టులాగా, మేకప్పు మేకప్పులాగా కనిపిస్తోందన్నారు. మా తమ్ముడి కొడుకు మాట అదే.

వాడి మాటకు కారణం మన ఇళ్లల్లోనే ఉంది. మన టీవీ పద్ధతిలో వీడియో కెమెరాతో తీసింది సెకనుకు 50 సార్లు కదలికను పట్టుకుంటుంది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైనప్పటి నుంచీ వార్తలు, స్టూడియో నాటికలు, పొలం పనుల కార్యక్రమాలు అన్నీ అట్లా వచ్చినవే. అదే పెట్టెలో ఆదివారం సాయంత్రం వచ్చే సినిమా మాత్రం పాత వేగంతో వచ్చేది. ఎవరూ నేర్పకుండానే మన కళ్లు ఒక పాఠం నేర్చుకున్నాయి: నున్నగా కదిలితే వార్త, కొద్దిగా వణికితే కథ. ఎక్కువ ఫ్రేముల్ని మనం మొదటిసారి చూసింది 2012లోనో 2022లోనో కాదు. ఎరువుల గురించి రైతుకు సలహా చెప్పే అధికారి ముఖంలో చూశాం. కల కనడానికి మనకు వణుకు అలవాటైంది.

అయితే ఈ ఎక్కువ ఫ్రేములు మన సినిమాకు పూర్తిగా కొత్తా? కాదు. సెకనుకు 96, 120, ఇంకా ఎక్కువ బొమ్మలు తీసే కెమెరాలు మన షూటింగుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి. తీసేది 120తో, చూపించేది 24తో. దాన్నే స్లోమోషన్ అంటాం. హీరో కారు దిగి మొదటి అడుగు వేస్తాడు; దుమ్ము లేస్తుంది; కండువా గాల్లో ఆగుతుంది. నిజానికి చేరువ చేయడానికి పుట్టిన వేగాన్ని మనం హీరో అడుగు సాగదీయడానికి ఖర్చు పెట్టాం. 'బాహుబలి' (2015, 2017), 'ఆర్.ఆర్.ఆర్.' (2022) సినిమాల్లో తెర ప్రపంచ స్థాయికి పెరిగింది, కంప్యూటర్ బొమ్మలు పెరిగాయి, ప్రదర్శన వేగం 24 దగ్గరే ఉంది. ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. కంప్యూటర్‌తో చేసే దృశ్యంలో ఫ్రేములు రెట్టింపైతే యంత్రాల పనీ, ఒక్కో ఫ్రేమునూ సరిదిద్దే కుర్రవాళ్ల పనిగంటలూ పెరుగుతాయి. ఫిలిం అడుగుల్లో కొలిచిన ఖర్చును ఇప్పుడు వాళ్ల రాత్రుల్లో కొలవాలి. విమర్శ రాసేవాళ్లు ఈ లెక్క కూడా చూస్తే బాగుంటుంది.

'ఒక ఊరి కథ'ను 48తో తీసి ఉంటే ఎట్లా ఉండేదని అప్పుడప్పుడూ ఊహించుకుంటాను. పని చెయ్యనని మొండికేసిన ఆ తండ్రి ముఖం వార్తలోని ముఖంలాగా, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖంలాగా ఉండేది. మనం ఓర్చుకునేవాళ్లమా? కథ అనే వణుకు మధ్యన ఉంది కాబట్టే ఆకలిని రెండు గంటలు చూడగలిగామేమో. ఇది నాకు తేలని సంగతి. కథ రాసేటప్పుడు కూడా ఇదే వస్తుంది. కరువు గురించి రాస్తున్న మిత్రుడు ఒకాయన ప్రతి వివరమూ పెట్టి, ఎండిన చెరువులో ప్రతి బీటా లెక్కపెట్టి రాసి చూపించాడు. కళ్లకు కట్టింది, చదవబుద్ధి కాలేదు. పనికొచ్చే బీటలు నాలుగు ఉంచి, తక్కినవి తీసేయమన్నాను. తీసేసినవాటి మధ్య చీకటిని పాఠకుడే పూరించుకున్నాడు.

పోయిన ఏడాది నిమ్మలకుంట పోయాను. ఆట చూద్దామనే పోయాను, ఆట లేదు. ఇళ్ల ముందు మేకతోళ్లు ఆరుతున్నాయి. ఇప్పుడు వాళ్లు ఎక్కువగా చేసేది దీపాలకు తొడిగే బుర్రలు, గోడలకు వేలాడదీసే బొమ్మలు. బయటి ఊళ్లవాళ్లు కొంటారు. అదే తోలు, అవే రంగులు, అవే చిల్లులు. వెనక వెలుగూ ఉంది. ఆడించే చెయ్యి మాత్రం లేదు. నేనూ ఒకటి కొన్నాను, ఆంజనేయుడిది, సంజీవి కొండ మోస్తున్నట్టుంది. హిందూపురంలో నా రాతబల్ల మీద పెట్టి బల్బు వేశాను. గాలికి ఫ్యాను తిరిగి దీపం కొద్దిగా ఊగింది. తోక గోడ మీద అంత పొడుగున సాగి మళ్లీ దగ్గరికొచ్చింది. మా మనవరాలు రాసుకుంటున్న పుస్తకం వదిలి కొంచెం వెనక్కి జరిగింది.